టర్కీ వేటకు ఏ కాల్, ఏ తుపాకీ? కొనేముందు చూడాల్సిన చివరి యాభై గజాలు

మార్చి వచ్చేసరికి టెక్సస్, మిస్సోరి, జార్జియా లాంటి చోట్ల వేట సామాను అమ్మే దుకాణాల్లో ఒక గోడ మొత్తం టర్కీ కాల్స్‌తో, అంటే టర్కీ కోళ్ల కూతను అనుకరించే పరికరాలతో నిండిపోతుంది. చెక్క పెట్టెలు, గుండ్రటి పలకలు, నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్కలు, గుడ్లగూబలా కూసే గొట్టాలు. పక్క వరసలో తుపాకీ షెల్స్, అంటే పెల్లెట్లు అనే చిన్న గుళ్లు నింపిన తూటాలు. అయిదు షెల్స్ ఉన్న డబ్బా యాభై, అరవై డాలర్లు పలికే రకాలూ అందులో ఉంటాయి. కొత్తగా హంటింగ్ లైసెన్స్ తీసుకున్న మనవాళ్లు ఇక్కడే తికమక పడతారు. వీడియోల్లో చూసినవన్నీ బుట్టలో వేసుకుంటే బిల్లు తడిసి మోపెడవుతుంది. అందులో సగం సీజన్ అయిపోయేదాకా సంచిలోంచి బయటికే రావు.

ఏది కొనాలన్నా నేను అడిగే ప్రశ్న ఒకటే. పుంజు యాభై గజాల లోపలికి వచ్చాక ఈ వస్తువు నా చేత ఎంత కదలిక చేయిస్తుంది? కాల్ అయినా, తుపాకీ అయినా, కూర్చునే సీటు అయినా ఇదే కొలత.

ఎందుకంటే టర్కీ కోడికి వాసన పసిగట్టే శక్తి అంతంతమాత్రమే. జింక వేటలోలాగా గాలి ఎటు వీస్తోందని టెన్షన్ పడక్కర్లేదు. కళ్ల సంగతి వేరు. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 270 డిగ్రీల మేర చూస్తుంది, రంగులు మనకన్నా బాగా గుర్తుపడుతుంది, ఏ చిన్న కదలికనీ వదలదు. జింక అనుమానం వస్తే ఆగి, కాలు నేలకేసి కొట్టి, మళ్లీ చూస్తుంది. టర్కీ అలా కాదు. అనుమానం వచ్చిన మరుక్షణం ఉండదు.

ఇంకో చిక్కూ ఉంది. వసంతకాలంలో పుంజు తోక విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, గట్టిగా గాబుల్ చేస్తే, అంటే గడగడమని కూస్తే పెట్టలు దాని దగ్గరికి వెళ్లాలి. అది వాటి పద్ధతి. వేటగాడు పెట్టలా కూసి పుంజునే తన దగ్గరికి రమ్మంటాడు, అంటే ఆచారాన్ని తిరగేస్తున్నాడు. అందుకే పుంజు చాలాసార్లు అరవై, డెబ్బై గజాల దగ్గర ఆగి, "నువ్వే రా" అన్నట్టు అక్కడే తిరుగుతుంది. ఆ ఆగిన చోటు నుంచి మన ముందుకు రప్పించడంలోనే పనితనమంతా ఉంది.

సామాను కన్నా ముందు కాగితాలు

ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది హంటింగ్ లైసెన్స్. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని లైసెన్స్ చేతిలో ఉండాలి. "నాది కాదుగా, ఫ్రెండ్ తుపాకీయే కదా" అనుకోవడం పొరపాటు. చేతిలో పట్టుకున్నా అది మన దగ్గర ఉన్నట్టే లెక్క. లైసెన్స్ గడువు అయిపోయాక ఇంట్లో ఉన్న తుపాకీ కూడా సమస్యే అవుతుంది, కాబట్టి రెన్యువల్ తేదీ ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ వీసా నిషేధం వర్తించదు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరుగా ఉంటాయి. వీసా మీద ఉన్నవాళ్లు కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్క మాట అడిగితే నిశ్చింతగా ఉండొచ్చు.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు దాదాపు అన్ని చోట్లా తప్పనిసరి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు, మిస్సోరిలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఆ కోర్సు పాసవ్వాలి. దాన్ని మొక్కుబడిగా క్లిక్ చేసుకుంటూ పోవద్దు. టర్కీ వేటలో ప్రమాదాలు ఎక్కువగా ఎలా జరుగుతాయో తలుచుకోండి. ఒకడు పెట్టలా కూస్తుంటాడు, ఇంకొకడు ఆ కూతను నమ్మి చెట్ల చాటున పాకుతూ వస్తాడు.

కాల్స్: నాలుగు రకాలు, నాలుగు స్వభావాలు

బాక్స్ కాల్ అంటే పైన తెడ్డులాంటి మూత ఉన్న సన్నటి చెక్క పెట్టె. మూత అడుగున సుద్ద రాసి, పెట్టె అంచు మీద రుద్దితే పెట్ట కూత వస్తుంది. ఆర్కన్సాకు చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దీని రూపం పెద్దగా మారలేదంటే ఎంత సులువైన పరికరమో ఊహించుకోవచ్చు. కొన్న సాయంత్రమే వినదగ్గ యెల్ప్, అంటే పెట్ట మామూలు పిలుపు, తీయగలరు. ధర ఇరవై నుంచి నలభై డాలర్లు. చేత్తో చేసినవి వంద దాటతాయి, మొదటి ఏడాది వాటి జోలికి పోనక్కర్లేదు. దీని బలం గొంతు. గాలి బాగా వీచే రోజున, అవతలి గట్టు మీద ఉన్న పుంజుకు వినిపించాలంటే దీనికి మించింది లేదు.

బలహీనతలు రెండు. తడిస్తే మూగబోతుంది. బ్రెడ్ వచ్చే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిలోనే వాయించడం పాతకాపుల పద్ధతి. రెండోది, రెండు చేతులూ కావాలి, మూత అటూ ఇటూ ఊగుతుంది. పుంజు కంటికి కనిపించే దూరంలో ఉన్నప్పుడు అది వాయించడమంటే చెయ్యి ఊపడమే. దీనికి బ్లాక్‌బోర్డు సుద్ద వాడొద్దు, నూనె, మైనం లేని కాల్ సుద్దే వాడాలి. ఆ మూత స్క్రూను బిగించడం, వదులు చేయడం లాంటివి చేస్తే తయారీదారు కుదిర్చిన శ్రుతి పోతుంది.

పాట్ కాల్ అంటే అరచేతిలో పట్టే గుండ్రటి డొల్ల. పైన స్లేటు పలక గానీ గాజు గానీ అల్యూమినియం గానీ బిగించి ఉంటుంది. స్ట్రైకర్ అనే పుల్లతో దాని మీద గీస్తారు. ఒక్క కాల్ మాత్రమే కొనగలిగితే నేను ఇదే కొనమంటాను, అదీ స్లేటు పలకదే.

పట్టుకునే తీరులో సగం పని ఉంది. డొల్లను అరచేతిలో అదిమి పట్టుకోకూడదు. వేళ్ల చివర్ల మీద నిలబెట్టాలి. అడుగున రంధ్రాలుంటాయి, వాటి కింద గాలి ఆడాలి, లేకపోతే శబ్దం గొంతు నొక్కినట్టు వస్తుంది. స్ట్రైకర్‌ను పెన్ను పట్టినట్టు పట్టి, కొంచెం వాల్చి, పలక అంచుకూ మధ్యకూ నడుమన చిన్న కోడిగుడ్డు ఆకారం గీయాలి, మహా అయితే అర అంగుళం. గీత మొదట్లో ఒత్తిడి ఎక్కువ, తిరిగి వచ్చేటప్పుడు తక్కువ. మొదట సన్నటి స్వరం, వెంటనే గరగరమనే లావు స్వరం, రెండూ కలిసి ఒక యెల్ప్. పుల్ల మొనను పలక మీద నుంచి పైకి ఎత్తకూడదు. కొత్తవాళ్లు ప్రతి యెల్ప్‌కూ ఎత్తుతారు, అక్కడే లయ తప్పుతుంది. మొనను లోపలికి చటుక్కున లాగితే క్లక్, అంటే పొట్టి ఒంటి కూత. పుల్ల బరువు తప్ప ఇంకే ఒత్తిడీ లేకుండా నెమ్మదిగా పొడుగ్గా లాగితే పర్, అంటే పెట్ట నిమ్మళంగా మేస్తున్నప్పుడు చేసే గురగుర.

స్లేటు గొంతు మెత్తన, దగ్గరి దూరానికి సరిగ్గా సరిపోతుంది. గాజు దానికన్నా గట్టిగా, పదునుగా పలుకుతుంది, దూరం వెళ్తుంది. అల్యూమినియం ఇంకా కీచుగా ఉంటుంది. స్లేటును గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ లాంటి దానితో గరుకు చేసుకోవచ్చు. గాజుకు 80, 100 గ్రిట్ గరుకు కాగితంతో ఒకే దిశలో గీతలు పెట్టి, ఆ గీతలకు అడ్డంగా వాయించాలి. పలక మీద వేలు పెట్టొద్దు. చర్మం మీది జిడ్డు అంటుకుంటే పుల్ల జారిపోతుంది. వానకు స్లేటు పనిచేయదు, తడిలో అయితే గాజు పలక, కార్బన్ గానీ అక్రిలిక్ గానీ స్ట్రైకర్ జత మేలు.

చివరి యాభై గజాల పరీక్షలో పాట్ కాల్‌కు బొటాబొటి మార్కులే. చేతులు ఒడిలో, మోకాలి చాటున ఉంటాయి, కదలిక వేళ్లకే పరిమితం. కానీ తుపాకీ ఎత్తాలంటే దీన్ని కింద పెట్టాలి.

నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. గుర్రపు లాడం ఆకారపు చిన్న చట్రం, దాని మీద లేటెక్స్ పొరలు, చుట్టూ టేప్. పది డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. రెండు చేతులూ తుపాకీ మీదే ఉంటాయి, ఒళ్లు కదలదు, మెత్తటి క్లక్ నుంచి గట్టిగా, గబగబా వచ్చే కటింగ్ అరుపుల దాకా అన్నీ పలుకుతాయి. దీని మీద బాగా పట్టు సాధించినవాళ్లు మిగతావాటిని పెద్దగా వాడరు. మరి అందరూ దీంతోనే ఎందుకు మొదలుపెట్టరు? రాదు కాబట్టి. కొందరికి వారాల్లో పట్టుబడుతుంది, కొందరికి సీజన్ గడిచినా బాతు అరుపే వస్తుంది.

మొదట తెరిచి ఉన్న వైపు ముందు పళ్ల వైపు ఉండేలా అంగిలికి ఆనించి, నాలుకతో తేలిగ్గా నొక్కిపెట్టాలి. బుగ్గలతో ఊదకూడదు. అద్దం మీద ఆవిరి పట్టించడానికి హా అంటామే, ఆ గాలి కడుపులోంచి రావాలి. ముందు సన్నటి ఈల వస్తుంది. దవడను కిందికి వదిలితే అదే గరగరగా మారుతుంది. ఆ మారే చోటే యెల్ప్. వాంతి వచ్చినట్టు అనిపిస్తే చిన్న సైజు చట్రం తీసుకోండి, లేదా అంచు టేపును కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించండి. నాలుగు పొరలవి చూడ్డానికి ప్రొఫెషనల్‌గా ఉంటాయి గానీ ఎక్కువ గాలి అడుగుతాయి, రెండు పొరలదే మొదలుపెట్టడానికి తేలిక. సీజన్ అయ్యాక పొరల మధ్య టూత్‌పిక్ ముక్క పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోండి. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే లేటెక్స్ పాడవుతుంది. సాధనకు మాత్రం కారే మంచి చోటు. ఇంట్లో మొదలుపెడితే రెండో రోజుకే ఇంటావిడ "ఇది బయట చేసుకోండి" అంటుంది, అందులో ఆమె తప్పేమీ లేదు.

పుష్ బటన్ కాల్‌ను పెద్ద వేటగాళ్లు పిల్లల ఆట అని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. చిన్న పెట్టెలోంచి బయటికి ఉన్న పుల్లను వేలితో నొక్కితే చాలు, ఒంటి చేత్తో, మొదటిసారే నమ్మదగ్గ క్లక్, పర్ వస్తాయి. దీని గొంతు దూరం వెళ్లదు, నిజమే. కానీ దగ్గరికి వచ్చిన పుంజుకు గట్టి కూతలు అక్కర్లేదు కదా. కొన్నిటిని తుపాకీ గొట్టానికి కట్టి దారంతో లాగే ఏర్పాటు కూడా ఉంటుంది. డయాఫ్రమ్ పట్టుబడేదాకా చివరి యాభై గజాలకు ఇదే దిక్కు.

టర్కీ రెక్క ఎముకలతో చేసే పీక ఒకటుంది, అమెరికా మూలవాసుల నుంచి వచ్చింది. వినడానికి ముచ్చటగా ఉంటుంది, మొదటి కాల్‌గా మాత్రం వద్దు. పుంజులా గాబుల్ చేసే పరికరాలను నలుగురూ తిరిగే పబ్లిక్ ల్యాండ్‌లో అసలు వాడొద్దు, మీ వైపే ఎవరో తుపాకీ గురిపెట్టే అవకాశం ఉంది.

ఇవన్నీ పిలవడానికి. పుంజు ఎక్కడుందో కనిపెట్టడానికి లొకేటర్ కాల్స్ వేరు. ఉలిక్కిపడే శబ్దం వింటే వసంతకాలపు పుంజు ఆపుకోలేక గాబుల్ చేస్తుంది. తెల్లవారుజామున, పొద్దు కుంకేటప్పుడు బార్డ్ గుడ్లగూబ కూత, పగటి పూట కాకి కూత, పడమటి రాష్ట్రాల్లో కొయొటీ అనే తోడేలు జాతి జంతువు ఊళ. నెమలి కూత కాల్ కూడా అమ్ముతారు! మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన కూతే. ఆ అడవిలో నెమలి లేకపోయినా పుంజు బదులిస్తుంది, దానికి కావలసింది గట్టి శబ్దమే. ఒక్క కాకి కాల్ కొనుక్కుని, గుడ్లగూబ కూత నోటితో నేర్చుకుంటే సరిపోతుంది. పెట్ట కూతతో వెతకడం మాత్రం తప్పు. పుంజు నలభై గజాల అవతలే ఉండి బదులిచ్చి, మీరు ఇంకా దారి మధ్యలో నిలబడి ఉంటే ఆ రోజు అయిపోయినట్టే.

ఎంత కూయాలి

తక్కువ. పుంజు ఇంకా చెట్టు మీదే ఉన్నప్పుడు రెండు మూడు మెత్తటి యెల్ప్‌లు, అంతే. చెట్టు మీద ఉన్న పుంజుతో గట్టిగా సంభాషణ పెట్టుకుంటే అది పెట్ట కిందికి రావాలని ఎదురుచూస్తూ దిగడమే మానేస్తుంది. దిగాక అయిదారు యెల్ప్‌ల వరస ఒకటి, తర్వాత పావుగంట నిశ్శబ్దం. అది బదులిస్తూ దగ్గరవుతుంటే నోరు మూసుకోవాలి. ఆగిపోతే పర్, ఆకులు గీకిన శబ్దం. చేత్తో ఎండుటాకులను రెండుసార్లు కెలికితే మేస్తున్న పెట్టలాగే ఉంటుంది, దానికి పైసా ఖర్చు లేదు. పట్, పట్ అని తెగ్గొట్టినట్టు వచ్చే ఒంటి అరుపు అపాయానికి గుర్తు. మీ క్లక్ అలా వినబడుతుంటే ఇంకా సాధన చేయాలి.

తెల్లవారే వేళ పెట్టలతో తిరిగే పుంజు మీ మాట వినకపోతే కారెక్కి ఇంటికి రావద్దు. పొద్దెక్కాక పెట్టలు గుడ్ల దగ్గరికి వెళ్లిపోతాయి, పుంజు ఒంటరి అవుతుంది. తొమ్మిదింటి నుంచి పదకొండింటి మధ్య సమయాన్ని చాలామంది వృథా చేసుకుంటారు. కొన్ని రాష్ట్రాల్లో మధ్యాహ్నానికే వేట ఆపాలనే నియమం ఉంటుంది, అది చూసుకోండి.

తుపాకీ, షెల్, చోక్

12 గేజా, 20 గేజా అనే వాదన పాతది. గేజ్ అంటే తుపాకీ గొట్టం లావు కొలత, అంకె పెద్దదైతే గొట్టం సన్నటిది. కొత్త షెల్స్ వచ్చాక దానికి జవాబు మారింది. సీసం పెల్లెట్ల రోజుల్లో 12 గేజ్ తప్పనిసరి అనిపించేది. ఇప్పుడు టీఎస్ఎస్ అనే టంగ్‌స్టన్ పెల్లెట్లు వచ్చాయి. సీసం సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 11 గ్రాముల పైచిలుకు, దీనిది 18 గ్రాముల దాకా. అంటే చాలా చిన్న పెల్లెట్ కూడా లోతుగా దిగుతుంది, కాబట్టి ఒక షెల్‌లో ఎక్కువ పెల్లెట్లు పడతాయి. సీసంలో 5, 6 నంబర్లు వాడేచోట టీఎస్ఎస్‌లో 9 నంబరు సరిపోతుంది. దాంతో తేలికైన 20 గేజ్ కూడా పాత 12 గేజ్ పని చేస్తోంది.

ధర మాత్రం గట్టిగానే ఉంది, ఒక్కో షెల్ పది డాలర్లకు పైనే. కానీ సీజన్ మొత్తానికి పేల్చేది రెండో మూడో. ఇంట్లో పాత 12 గేజ్ పంప్ తుపాకీ ఉంటే దానికి సీసం 5 నంబరు షెల్స్, ఫుల్ లేదా టర్కీ చోక్ (పెల్లెట్లు చెదరకుండా గొట్టం చివరను ఇరుకు చేసే ముక్క) పెట్టి, 35 గజాల లోపే కాల్చండి. కొత్తగా కొంటుంటే, కొనేవాళ్లు సన్నటి మనిషైతే, లేదా భార్యాభర్తలిద్దరూ వాడేదైతే 20 గేజ్, టీఎస్ఎస్. మూడున్నర అంగుళాల 12 గేజ్ షెల్ భుజాన్ని గూడు తప్పిస్తుందేమో అనిపించేంత తంతుంది, టర్కీకి ఆ దెబ్బ అక్కర్లేదు. ఇంకా సన్నటి గొట్టం ఉన్న .410 బోర్ తుపాకీని సీసంతో టర్కీ మీద వాడొద్దు, టీఎస్ఎస్‌తో అయితేనే ఆలోచించండి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఏ వేటకూ సీసం చెల్లదు, అక్కడివాళ్లకు ఎంపిక లేదు. టీఎస్ఎస్ వాడేముందు మీ చోక్ దానికి తగినదో కాదో దాని మీద చదువుకోండి.

ఏది కొన్నా కాగితం మీద కాల్చి చూడకుండా అడవికి వెళ్లొద్దు. పెద్ద కాగితం మీద చుక్క పెట్టి 40 గజాల నుంచి ఒక షెల్ కాల్చండి. పెల్లెట్లు బాగా చిక్కబడిన చోట పది అంగుళాల వలయం గీసి లెక్కపెట్టండి. వంద దాకా పడితే ఆ జత పనికొస్తుందని వాడుకలో ఉన్న లెక్క. పడకపోతే 30 గజాలే మీ హద్దు, లేదా చోక్ మార్చాలి. అదే తుపాకీ ఒక కంపెనీ షెల్‌తో చిమ్మేస్తుంది, ఇంకో కంపెనీ షెల్‌తో గుత్తిగా పెడుతుంది, ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. 15 గజాల నుంచి కూడా ఒకటి కాల్చండి. గుత్తి పిడికిలంత ఉంటుంది. దగ్గర్లో గురి తప్పడం ఎంత సులువో అప్పుడు అర్థమవుతుంది.

తుపాకీ మీద ఒక్క ఖర్చే పెట్టగలిగితే రెడ్ డాట్ మీద, అంటే ఎర్ర చుక్క చూపించే గురి అద్దం మీద పెట్టండి. చెట్టుకు ఆనుకుని, మెలితిరిగి కూర్చున్నప్పుడు చెంప తుపాకీ కర్ర మీద సరిగ్గా ఆనదు. గొట్టం చివర ఉండే పూస గురితో కాలిస్తే దెబ్బ పుంజు తల మీదుగా వెళ్లిపోతుంది. రెడ్ డాట్‌లో చుక్క ఎక్కడుంటే పెల్లెట్లు అక్కడే. గురి ఎప్పుడూ మెడ మీద, ఈకలు మొదలయ్యే చోట. తోక విప్పి తల ముడుచుకున్నప్పుడు కాల్చొద్దు. ఒక్క క్లక్ చేస్తే మెడ చాపుతుంది, అప్పుడు.

విల్లు, క్రాస్‌బో కూడా చాలా రాష్ట్రాల్లో చెల్లుతాయి. కానీ విల్లు లాగడం పెద్ద కదలిక. గుడారం లాంటి బ్లైండ్ లేకుండా విల్లుతో టర్కీని కొట్టడం అనుభవజ్ఞులకే కష్టం.

డికాయ్ పెట్టాలా, చెట్టుకు ఆనుకోవాలా

మన పల్లెల్లో కౌజుపిట్టను పంజరంలో దీమంగా పెట్టి మిగతా కౌజులను రప్పించేవాళ్ల కథలు పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇండియాలో ఇప్పుడది నేరం. అమెరికాలో టర్కీకి వాడేది ప్లాస్టిక్ దీమం, దాన్నే డికాయ్ అంటారు. పని అదే, పుంజు చూపును మన మీద నుంచి మళ్లించడం.

ఒక్క పెట్ట డికాయ్ చాలు. దాని పక్కన కుర్ర పుంజు బొమ్మ పెడితే సీజన్ మొదట్లో పెద్ద పుంజు రోషంతో దూసుకొస్తుంది. సీజన్ చివర్లో, తన్నులు తిన్న పుంజు దాన్ని చూసి వెనక్కి తిరుగుతుంది. ఈ కుర్ర పుంజు బొమ్మను ఇరవై గజాల దగ్గర, మీ వైపు చూసేలా పెట్టాలి. పుంజు ఎదురుగా నిలబడి సవాలు చేస్తుంది కాబట్టి దాని వీపు మీ వైపు ఉంటుంది, అదే తుపాకీ ఎత్తే క్షణం. తోక విప్పిన పెద్ద పుంజు బొమ్మను గానీ, తోక విసనకర్రను ముందు పెట్టుకుని పుంజు మీదికి పాకే పద్ధతిని గానీ పబ్లిక్ ల్యాండ్‌లో వాడొద్దు. అది మిమ్మల్ని మీరే టర్కీగా చూపించుకోవడం. కొన్ని రాష్ట్రాలు పబ్లిక్ ల్యాండ్‌లో ఆ పద్ధతిని నిషేధించాయి కూడా.

దట్టమైన కొండ అడవిలో డికాయ్ లేకపోవడమే నయం. పెట్ట కనిపించక వెతుక్కుంటూ వచ్చే పుంజు నాలుగు అడుగులు ఎక్కువ వేస్తుంది. బయలు గడ్డి మైదానంలో మాత్రం డికాయ్ లేకపోతే అది దూరం నుంచే చూసి, "ఇక్కడ పెట్ట లేదే" అని ఆగిపోతుంది.

బ్లైండ్ సంగతీ అంతే. పొలం అంచున, పిల్లలతో వెళ్లినప్పుడు, విల్లుతో అయితే బ్లైండ్ మంచిది. వింతగా, రాత్రికి రాత్రి వెలసిన గుడారాన్ని టర్కీలు పెద్దగా పట్టించుకోవు. లోపల మాత్రం ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. మిగతా చోట్ల భుజాలకన్నా వెడల్పైన చెట్టు మొదలు చాలు. అది మీ ఆకారాన్ని కలిపేసుకుంటుంది, వెనక నుంచి ఎవరైనా పొరపాటున కాల్చినా అడ్డు ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్లు పుంజు వస్తుందనుకున్న వైపుకు ఎడమ భుజం పెట్టి కూర్చోవాలి, అప్పుడే తుపాకీ ఎక్కువ మేర తిప్పగలరు. ఎడమ మోకాలు ఎత్తి, తుపాకీ ముందే దాని మీద ఆనించి ఉంచండి. పుంజు కనిపించాక ఎత్తాలనుకుంటే కుదరదు.

ఒంటి మీద ఏముండాలి

ఎరుపు, తెలుపు, నీలం వద్దు. పుంజు తల ఆ మూడు రంగుల్లోనే ఉంటుంది. తెల్ల సాక్సు, బనియన్ అంచు, ఎర్ర రుమాలు కూడా ప్రమాదమే. మనవాళ్లకు ఇంకొకటి, చేతికి కట్టుకున్న ఎర్ర దారం. తీయనక్కర్లేదు, గ్లౌజు లోపలికి తోసేయండి. నుదుటి బొట్టుకు ఫేస్ మాస్క్ ఎలాగూ అడ్డొస్తుంది. ఎవరైనా వేటగాడు మీ వైపు వస్తుంటే చెయ్యి ఊపొద్దు, లేవొద్దు, గట్టిగా మాట్లాడండి. పుంజును మోసుకొచ్చేటప్పుడు, డికాయ్‌ను తెచ్చేటప్పుడు ఆరెంజ్ గుడ్డ చుట్టండి.

పదిహేను జేబుల వెస్ట్ కొనాలా అంటే, జేబుల కోసం కాదు, దానికి వేలాడే మెత్తటి సీటు కోసం కొనండి. పిరుదులు నొప్పి పుడితే కదులుతారు, కదిలితే పుంజు పోతుంది. వెస్ట్ వద్దనుకుంటే నేలకు ఆరంగుళాల ఎత్తుండే మడత కుర్చీ అంతకన్నా చవక. ఖరీదైన కామోఫ్లాజ్ బ్రాండ్ మీద డబ్బు తగలేయొద్దు. గ్లౌజులు, మాస్క్ లేని ఖరీదైన చొక్కాకన్నా అవి ఉన్న పాత చొక్కా నయం.

పిడుదులు, అదే టిక్స్, ఈ కాలంలో విజృంభిస్తాయి. 0.5 శాతం పెర్మెత్రిన్ స్ప్రేను బట్టల మీద కొట్టి, పూర్తిగా ఆరాక వేసుకోవాలి, చర్మం మీద కాదు. పిల్లి ఉన్న ఇంట్లో తడి బట్టలు దానికి దూరంగా ఆరేయండి. లోన్ స్టార్ టిక్ కుట్టాక కొందరికి ఆల్ఫా-గాల్ అనే అలర్జీ వస్తుంది. బీఫ్, పోర్క్, మటన్ అన్నీ పడకుండా పోతాయి. కోడి, టర్కీ మాంసాలకు ఇబ్బంది ఉండదు గానీ, మటన్ బిర్యానీ ప్రియులకు ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? దక్షిణ టెక్సస్‌లో పాము కాటు తట్టుకునే బూట్లు కూడా జాబితాలో చేర్చండి.

మొదట ఎక్కడికి వెళ్లాలి

ఇది కూడా ఎంపికే, సామాను ఎంపికను మార్చే ఎంపిక. అమెరికాలో అయిదు ఉపజాతులున్నాయి: ఈస్టర్న్, ఒసియోలా, రియో గ్రాండే, మెరియమ్స్, గూల్డ్స్. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఉన్న తెలుగువాళ్లకు అందుబాటులో ఉండేది రియో గ్రాండే. బయలు ప్రాంతాల్లో, వాగుల వెంబడి ఉంటుంది, తరచుగా గాబుల్ చేస్తుంది, కొత్తవాళ్ల కూతలను కొంత క్షమిస్తుంది. దీనికి బాక్స్ కాల్, ఒక పెట్ట డికాయ్, స్లేటు సరిపోతాయి. అయితే టెక్సస్‌లో 95 శాతం దాకా భూమి ప్రైవేటుదే. ఎవరి గడ్డి మైదానమో డబ్బు కట్టి అద్దెకు తీసుకోవాలి, లేదా యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ తీసుకుని ఉన్న కాస్త భూమిలో తిరగాలి. టర్కీలు రాత్రి పడుకునే చెట్లు కొన్నే ఉంటాయి, వాటి కిందికి వెళ్లి చెదరగొడితే ఆ చోటు పాడవుతుంది. కనీసం వంద గజాల అవతలే ఆగండి.

సెయింట్ లూయిస్, కాన్సస్ సిటీ వైపు ఉన్నవాళ్లకు ఈస్టర్న్. మిస్సోరిలో 15 లక్షల ఎకరాల మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది, పైసా అద్దె లేదు. కానీ ఆ అడవిలో పుంజు అంతకుముందే నలుగురి బాక్స్ కాల్స్ విని ఉంటుంది. అక్కడ మెత్తటి స్లేటు, డయాఫ్రమ్, డికాయ్ లేకుండా చెట్టు మొదలు. 1930ల నాటికి వేటతో, అడవుల నరికివేతతో దాదాపు తుడిచిపెట్టుకుపోయిన ఈ పక్షులను, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫిరంగిలాంటి పరికరాలతో వలలు విసిరి పట్టి, లారీల్లో తరలించి మళ్లీ పెంచారు. దానికైన ఖర్చులో పెద్ద భాగం 1937 చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలైన పన్ను. ఇటీవల ఆగ్నేయ రాష్ట్రాల్లో సంఖ్య మళ్లీ తగ్గుతోంది. జార్జియా 2022లో ఒక్కొక్కరికి సీజన్‌కు మూడు పుంజుల పరిమితిని రెండుకు తగ్గించింది. కాబట్టి నిరుటి పుస్తకం చూసి వెళ్లొద్దు, ఆ ఏడాది నియమాలు చదవండి.

మొదటి ఏడాదికి నేను చెప్పే బుట్ట ఇది: స్లేటు పాట్ కాల్, పుష్ బటన్, కాకి కాల్, సాధనకు రెండు పొరల డయాఫ్రమ్ ఒకటి. మాస్క్, గ్లౌజులు, సీటు. ఉన్న తుపాకీ, దానికి రెండు మూడు రకాల షెల్స్, కాల్చి చూడ్డానికి పెద్ద కాగితం చుట్ట. గాలి ఎక్కువగా ఉండే చోటైతే బాక్స్ కలపండి. మిగిలిన డబ్బు పెట్రోలుకు ఉంచుకుని, సీజన్‌కు ముందు రెండు మూడు తెల్లవారుజాములు ఆ అడవి అంచున కారాపి, ఏ దిక్కు నుంచి గాబుల్ వస్తోందో విని మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లో మాత్రం పెట్ట కూత కూయొద్దు. మీ కూత దానికి కొత్తగా వినబడాల్సింది సీజన్ తెరిచిన రోజున.